చిన్న వ్యాపారం, కంప్యూటర్ ఏఎంసీ: కట్టే డబ్బుకు తగ్గ పని రాబట్టడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపు ఉందనుకుందాం. ఐదు సిస్టమ్‌లు, రెండు ప్రింటర్లు, ఒక రూటర్, నాలుగు కెమెరాలు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నప్పుడే రెండో సిస్టమ్ నుంచి బిల్లు ప్రింట్ కాదు. ఏఎంసీ (ఏడాదికి ఇంతని కట్టే సర్వీసు ఒప్పందం) వాళ్లకి ఫోన్ చేస్తే 'ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి సార్' అంటారు. అదీ అయ్యాక 'ఎనీడెస్క్ నంబరు చెప్పండి' అంటారు, దూరం నుంచే సిస్టమ్‌ను నడిపే యాప్ అది. పది నిమిషాలు ఏదో చేస్తారు, ప్రింట్ వస్తుంది. నెల తిరిగేసరికి మళ్లీ అదే సిస్టమ్, అదే ప్రింటర్, అదే ఫోన్. ఏడాది చివర రెన్యువల్ బిల్లు వచ్చినప్పుడు యజమానికి గుర్తుండేది ఒక్కటే: పిలిస్తే వస్తాడు, మంచి కుర్రాడు.

కుర్రాడు నిజంగానే మంచివాడు కావచ్చు. అయినా ఒకే రిపేరు ఏడాదికి పదిసార్లు జరిగిందంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. ఈ ప్రింటర్ గొడవనే కాస్త విప్పి చూస్తే, చిన్న వ్యాపారాల్లో ఐటీ సపోర్ట్ డబ్బు ఎక్కడ వృథా అవుతోందో సగం అర్థమైపోతుంది.

చాలా షాపుల్లో ప్రింటర్ యూఎస్‌బీ కేబుల్‌తో ఒక సిస్టమ్‌కే ఉంటుంది. మిగతా సిస్టమ్‌లు దాన్ని షేరింగ్‌లో వాడుకుంటాయి. విండోస్ ప్రింటింగ్ విభాగంలో పెద్ద భద్రతా లోపం బయటపడటంతో 2021లో మైక్రోసాఫ్ట్ వరసగా అప్‌డేట్లు ఇచ్చింది. ఆ సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్ తర్వాత ప్రపంచమంతటా చాలాచోట్ల షేరింగ్ ప్రింటర్లు ఆగిపోయాయి. చివర '11బి' అని ఉండే ఎర్రర్ నంబరు అప్పటినుంచే సర్వీసు వాళ్లకి కంఠతా వచ్చేసింది. దానికి రెండు అడ్డదారులు దొరికాయి. ఒకటి, ఆ అప్‌డేట్‌ను తీసేయడం. విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి, పాతవన్నీ కలుపుకునే వస్తాయి. అందుకే తీసేసినది నెల తిరిగేసరికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. రెండోది, విండోస్ లోపలి సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి ఆ భద్రతను సడలించడం. ప్రింట్ వస్తుంది, కానీ మైక్రోసాఫ్ట్ మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంటుంది.

మూడో దారి కూడా ఉంది. ల్యాన్ పోర్టు ఉన్న ప్రింటర్ అయితే నేరుగా నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపి, రూటర్‌లో దానికి మారని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) కేటాయించి, ప్రతి సిస్టమ్ నుంచీ సూటిగా దానికే ప్రింట్ పంపేలా పెట్టడం. ఇలా చేస్తే మొదటి సిస్టమ్ ఆపేసి ఉన్నా మిగతావాళ్ల పని ఆగదు. ఒక పూట పని. మరి ఏఎంసీ కంపెనీ ఇది ఎందుకు చేయలేదు? ఎవరూ అడగలేదు గనక. ఫోన్‌లో చెప్పింది 'ప్రింట్ రావట్లేదు' అని, వాళ్లు ప్రింట్ తెప్పించారు. అడిగిన పని అయిపోయింది.

ఇక్కడ డబ్బు లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. సిస్టమ్‌కి ఏడాదికి 2,000 రూపాయల చొప్పున ఐదింటికి 10,000 అనుకుందాం. నెలకి 833 రూపాయలు. టెక్నీషియన్ జీతం, పెట్రోలు, ఆఫీసు అద్దె అన్నీ అందులోంచే రావాలి. షాపుకి రానూపోనూ కలిపి ఒక పూట పడుతుందనుకుంటే, నెలకి రెండుసార్లు వచ్చేసరికే వాళ్లకి మిగిలేది అంతంతమాత్రం, మూడోసారి వస్తే చేతి చమురు వదిలినట్టే. అంటే ఏఎంసీ పద్ధతిలో సమస్యలు తగ్గడం షాపుకి ఎంత లాభమో, వాళ్లకీ అంతే లాభం. వచ్చినప్పుడల్లా డబ్బు తీసుకునే 'కాల్ బేసిస్' పద్ధతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అక్కడ సిస్టమ్ ఎన్నిసార్లు మొరాయిస్తే అంత ఆదాయం.

అలాంటప్పుడు ఏఎంసీ కంపెనీలే ముందుకొచ్చి శాశ్వత పరిష్కారాలు చెప్పాలి కదా? చెప్పేవాళ్లు ఉన్నారు. కానీ చాలాచోట్ల ఏఎంసీ రేటును పోటీపడి తగ్గించేసి, మిగులును కార్ట్రిడ్జ్ రీఫిళ్లలో, ర్యాము, కీబోర్డు, కెమెరా అమ్మకాల్లో చూసుకుంటారు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు, వ్యాపారం వ్యాపారమే. అయితే తక్కువ రేటుకి ఏఎంసీ ఒప్పుకున్న మనిషి నెలంతా షాపు గురించి ఆలోచిస్తాడని ఆశించడం అత్యాశ. బేరమాడి 10,000ను 8,000 చేయడం కన్నా, ఆ 10,000లో ఏమేం చేస్తారో రాయించుకోవడంలోనే ఎక్కువ లాభం ఉంది.

ఏమేం రాయించుకోవాలంటే ముందుగా 'కాంప్రహెన్సివ్' అన్న మాట దగ్గర ఆగాలి. పార్టులతో సహా అన్నీ వాళ్లవే అని చెబుతారు. కింద చిన్న అక్షరాల్లో ప్రింటర్ హెడ్, యూపీఎస్ బ్యాటరీ, అడాప్టర్, ప్లాస్టిక్ భాగాలు, కార్ట్రిడ్జ్ వర్తించవని ఉంటుంది. అవి తీసేస్తే ఐదేళ్ల పాత సిస్టమ్‌లో పోవడానికి మిగిలేవి కొద్ది పార్టులే. చాలామంది చిన్న వ్యాపారులకి సర్వీసు మాత్రమే ఉండే మామూలు ఏఎంసీ చాలు. మిగిలిన డబ్బుతో ఇంకా పాత హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న సిస్టమ్‌లకి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేయించుకోవడం మేలు. 'సిస్టమ్ స్లో అయింది, ఫార్మాట్ కొట్టాలి' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఎస్ఎస్‌డీయే.

రెండోది సమయం. 'కాల్ చేసిన నాలుగు గంటల్లో వస్తాం' అని ఒప్పందంలో ఉంటుంది. రావడం వేరు, బాగవ్వడం వేరు. వచ్చి, చూసి, మదర్‌బోర్డు పోయిందని చెప్పి సిస్టమ్ బైక్ మీద పెట్టుకుపోతే నాలుగు గంటల మాట నిలబెట్టుకున్నట్టే లెక్క. కౌంటర్ మాత్రం మూడు రోజులు మూతపడుతుంది. ఐదు సిస్టమ్‌ల షాపుకి ఏఎంసీ కాగితంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఒకటే: ఒక పూటలో బాగుకాకపోతే బదులు సిస్టమ్ తెచ్చి, బిల్లింగ్ నడిచేలా పెట్టాలి. ఇంకో వెయ్యి ఎక్కువ అడిగినా ఒప్పుకోదగ్గ వాక్యం.

రాయకపోయినా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. ఆ సాయంత్రాలు ఏఎంసీ ఆఫీసులో ఫోన్ ఊపిరాడనివ్వదు. ఊళ్లో ఉన్న కస్టమర్లందరికీ అదే రోజు సైట్ ఓపెన్ కాదు, అదే రోజు టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) హ్యాంగ్ అవుతుంది. నెలవారీ చెకింగ్ ఎప్పుడైనా వస్తామంటే 15వ తేదీ ప్రాంతంలో రమ్మనడం మంచిది. అప్పుడు వాళ్లకీ తీరిక ఉంటుంది, ఏదైనా బయటపడితే 20లోపు సర్దుకునే వీలూ ఉంటుంది.

ఒక రూళ్ల పుస్తకం

ఖర్చు లేని పనుల్లో అన్నిటికన్నా ఫలితం ఇచ్చేది ఒక రూళ్ల నోటుపుస్తకం. ప్రతి సిస్టమ్‌కీ ఒక పేరు పెట్టి స్టిక్కర్ అంటించాలి: బిల్లింగ్-1, బిల్లింగ్-2, అకౌంట్స్, గోడౌన్. సమస్య వచ్చిన ప్రతిసారీ పుస్తకంలో ఒక వరుస రాయాలి. తేదీ, ఏ సిస్టమ్, ఏమైంది, వాళ్లు ఏం చేశారు, పని ఎంతసేపు ఆగింది. అకౌంటెంట్‌కి అప్పజెబితే సరిపోతుంది, ఎలాగూ తిట్లు పడేది ఆయనకే.

మూడు నెలలు పోయాక ఆ పుస్తకం తెరిస్తే కథ మారిపోతుంది. 'మీ సర్వీసు బాలేదండీ' అంటే ఎవరైనా నొచ్చుకుంటారు, వాదిస్తారు. అదే 'గోడౌన్ సిస్టమ్‌లో నెట్ పదకొండుసార్లు పోయింది, అందులో తొమ్మిదిసార్లు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాకే' అంటే టెక్నీషియన్ ముఖంలో ఆసక్తి కనిపిస్తుంది. వెతికితే తేలేది చాలా చిన్నదై ఉంటుంది. సిస్టమ్‌లన్నీ యూపీఎస్ మీద ఉంటాయి, గోడౌన్‌కి వెళ్లే చిన్న నెట్‌వర్క్ స్విచ్ ఒక్కటి మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు రెప్పపాటు పోయినా అది ఆగి మళ్లీ లేస్తుంది. ఈలోగా సాఫ్ట్‌వేర్ కనెక్షన్ తెగిపోతుంది. ఈ సంగతి విడివిడిగా వచ్చిన పదకొండు ఫోన్లలో ఎవరికీ కనపడదు. పైగా వచ్చిన మనిషి ప్రతిసారీ ఒకడే అయి ఉండడు.

ఫోన్‌లో చెప్పే తీరు కూడా ఈ కోవలోదే. 'సిస్టమ్ పనిచేయట్లేదు, అర్జంటుగా రండి' అంటే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. ఏమేం పట్టుకు రావాలో తెలియక స్క్రూడ్రైవర్, పెన్‌డ్రైవ్‌తో వచ్చి, చూసి, మళ్లీ వెళ్తారు. తెరమీద వచ్చిన ఎర్రర్‌ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, ఏ సిస్టమ్‌లో, ఎప్పటినుంచి, మిగతా సిస్టమ్‌లలో బాగానే ఉందా, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది అన్న నాలుగు ముక్కలు చెబితే సగం సమస్యలు ఎనీడెస్క్‌లోనే తేలిపోతాయి. కొన్నిసార్లు అసలు సమస్య సిస్టమ్‌ది కాకపోవచ్చు. సరుకు రవాణాకి కావలసిన ఈ-వే బిల్లు పోర్టల్లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. ఓటీపీ యజమాని ఫోన్‌కి వెళ్తుంది, యజమాని ఏ పెళ్లిలోనో ఉంటారు, లారీ గేటు దగ్గర ఆగిపోతుంది. దీన్ని కూడా 'సైట్ పనిచేయట్లేదు' అనే ఏఎంసీ వాళ్లకి చెబుతారు. పోర్టల్లో సబ్-యూజర్‌ని పెట్టుకుని, వాళ్ల నంబరుకే ఓటీపీ వచ్చేలా చేసుకుంటే తీరిపోయే బాధ.

డి డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్

'బ్యాకప్ ఉందా?' అని అడిగితే 'ఉంది సార్, డి డ్రైవ్‌లో పెట్టాం' అన్న జవాబు ఇప్పటికీ వినిపిస్తుంది. సి డ్రైవ్, డి డ్రైవ్ రెండూ చాలా సిస్టమ్‌లలో ఒకే డిస్క్‌లో గీసిన రెండు గదులు. డిస్క్ పోతే రెండూ పోతాయి. ఇల్లు కాలినప్పుడు హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి సామాను మార్చినంత రక్షణ అది. కొంచెం జాగ్రత్తపరులు పెన్‌డ్రైవ్‌లో పెడతారు, కానీ దాన్ని సిస్టమ్‌కే గుచ్చి వదిలేస్తారు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌కి కూడా తాళం వేసేసి పోతుంది. గూగుల్ డ్రైవ్‌లో సింక్ పెట్టామంటారు ఇంకొందరు. సింక్ అంటే ఇక్కడ ఏది మారితే అక్కడా అదే మారుతుంది. పాడైన ఫైలూ అలాగే పైకి వెళ్తుంది. పాత వెర్షన్లు ఎన్నాళ్లు ఉంచుతారో, వాటిని వెనక్కి తెచ్చుకోవడం ఎలాగో తెలిస్తేనే అది బ్యాకప్ కింద లెక్క.

ఈ విషయంలో ఏఎంసీ వాళ్లని అడగాల్సిన ప్రశ్న 'బ్యాకప్ ఉందా' అన్నది కాదు, ఎందుకంటే దానికి జవాబు ఎప్పుడూ 'ఉంది' అనే వస్తుంది. ఒక శనివారం సాయంత్రం షాపు కట్టేశాక ఒక ఖాళీ ల్యాప్‌టాప్ ముందు పెట్టి, 'ఈ బ్యాకప్‌లోంచి దీనిలో టాలీ తెరిచి చూపించండి' అనాలి. టాలీలో 'కంపెనీ' అనే షాపు పద్దులు తెరుచుకోవాలి. చివరి బిల్లు నంబరు నిన్నటిదై ఉండాలి. ట్రయల్ బ్యాలెన్స్ అసలు సిస్టమ్‌తో రూపాయితో సహా కలవాలి. మొదటిసారి ఈ పరీక్ష పెట్టినప్పుడు తేలే విచిత్రాలు చాలా ఉంటాయి. టాలీ డేటా నంబర్లే పేర్లుగా ఉన్న ఫోల్డర్లలో ఉంటుంది. ఏప్రిల్‌లో కొత్త ఏడాదికి కంపెనీని విడగొట్టి ఉంటారు, బ్యాకప్ మాత్రం పాత నంబరు ఫోల్డర్‌నే నమ్మకంగా కాపీ చేస్తూ ఉంటుంది. ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రీ, ఒక్క రోజు కూడా తప్పకుండా.

ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష ఏఎంసీలో రాయించుకుంటే చాలు, కట్టిన డబ్బంతా దానికే అనుకున్నా నష్టం లేదు. చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. జీఎస్టీ లెక్కలు, వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2022 ఆగస్టులో వచ్చిన సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ పద్దుల బ్యాకప్ రోజూ జరగాలి, ఆ సర్వర్ భారతదేశంలోనే ఉండాలి. ఆడిటర్ అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది యజమానే, ఏఎంసీ కుర్రాడు కాదు.

అప్‌డేట్ల సంగతీ ఇలాంటిదే. స్లో అవుతుందని, ప్రింటర్ పోతుందని చాలాచోట్ల విండోస్ అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేస్తారు. వానాక్రై రాన్సమ్‌వేర్ 2017 మే 12న విరుచుకుపడింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. దాదాపు రెండు నెలలు చేతిలో ఉన్నా వేసుకోని సిస్టమ్‌లు ప్రపంచమంతటా దొరికిపోయాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవీ కొన్ని ఉన్నాయి. ఇప్పుడు అలాంటి గడియారమే ఇంకొకటి నడుస్తోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. డబ్బు కట్టి ఇంకొన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చుకునే వీలున్నా అది తాత్కాలికమే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ పై ప్రాసెసర్ ఉండాలి. షాపులో ఏ సిస్టమ్ దీనికి సరిపోతుంది, ఏది సరిపోదు అన్న ఒక పేజీ జాబితా ఏఎంసీ వాళ్లు ఒక గంటలో ఇవ్వగలరు. అడిగితే ఇస్తారు. అది చేతిలో ఉంటే ఏడాదికి రెండేసి చొప్పున మార్చుకుంటూ పోవచ్చు. షరతులను దాటవేసి పాత సిస్టమ్‌లోనే విండోస్ 11 ఎక్కించేస్తామని, క్రాక్ (లైసెన్స్ కొనకుండా నడిపించే దొంగ ప్రోగ్రామ్) వేసి యాక్టివేట్ చేస్తామని ఎవరైనా అంటే అది సాయం అనుకోకూడదు. ఆ క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది.

తాళాలు ఎవరి దగ్గర?

వెబ్‌సైట్ డొమైన్, అంటే దాని చిరునామా, ఎవరి పేరు మీద ఉంది? ఈ ప్రశ్నకి చాలామంది యజమానులు 'మనదే' అంటారు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ ఎవరిదో చూస్తే ఎప్పుడో వెబ్‌సైట్ చేసి పెట్టిన కుర్రాడి సొంత జీమెయిల్ అయి ఉంటుంది. అతను ఇప్పుడు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉద్యోగంలో ఉంటాడు, రెన్యువల్ గుర్తుచేసే మెయిళ్లు అతనికే వెళ్తుంటాయి. డొమైన్ ఆగితే దానిమీద నడిచే మెయిళ్లన్నీ ఆగుతాయి. ఆఫీసు మెయిల్ సర్వీసు అడ్మిన్ ఖాతా, టాలీ లైసెన్స్‌కి జతచేసిన మెయిల్ ఐడీ, రూటర్ పాస్‌వర్డ్, కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ ఖాతా, సర్వర్‌గా వాడే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్, ఇవన్నీ ఇదే వరసలో ఉంటాయి.

వీటిని ఏఎంసీ వాళ్లు దురుద్దేశంతో దాచుకున్నది తక్కువ. సెటప్ చేసే రోజు యజమాని బిజీగా ఉంటారు, 'మీదే ఏదో ఒక మెయిల్ ఇచ్చేయండి' అంటారు, అది అలా ఉండిపోతుంది. సంస్థ పేరు మీద ఒక మెయిల్ ఐడీ తెరిచి, యజమాని ఫోన్ నంబరు పెట్టి, అన్నిటినీ ఒక్కొక్కటిగా దానికి మార్పించుకోవాలి. ఏఎంసీ వాళ్లకి పనికి కావలసిన యాక్సెస్ విడిగా ఇవ్వొచ్చు. ఇంటి పనిమనిషికి డూప్లికేట్ తాళం ఇస్తాం, ఇంటి దస్తావేజులు ఇవ్వం కదా. ఎనీడెస్క్‌లో ఎవరూ ఒప్పుకోకుండానే లోపలికి వచ్చేలా శాశ్వత పాస్‌వర్డ్ పెట్టే వీలుంది. అది సౌకర్యమే, కానీ ఆ పాస్‌వర్డ్ ఏఎంసీ ఆఫీసులో పని మానేసి వెళ్లిపోయిన ఎంతమందికి తెలుసన్నది అడగాలి.

ఇదంతా వినడానికి అనుమానం పెంచుకోమన్నట్టు ఉంటుంది గానీ, ఏఎంసీ సంబంధం చెడిపోయేది ఎక్కువగా షాపు వైపు నుంచి. చిన్న వ్యాపారాల్లో బిల్లు చెల్లింపు వరసలో ఏఎంసీ అట్టడుగున ఉంటుంది. సరుకు వాళ్లకి, అద్దెకి, జీతాలకి పోగా మిగిలితే చూద్దామంటారు. ఆరు నెలల బాకీ ఉన్న షాపు నుంచి, సమయానికి కట్టే షాపు నుంచి ఒకేసారి ఫోన్ వస్తే బండి ఎటు తిరుగుతుందో చెప్పక్కర్లేదు. సర్వీసు ఇచ్చే సంస్థ ఉద్యమ్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదై ఉంటే, 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి, ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. 2024 ఏప్రిల్ నుంచి దీనికి ఆదాయపు పన్ను ముడి కూడా పడింది. గడువు దాటాక కట్టిన మొత్తాన్ని నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలి. ఏఎంసీ మొత్తం చిన్నదే, అందుకే దాన్ని ఆపి మిగుల్చుకునేదీ పెద్దగా ఉండదు.

అన్నీ చేసి చూసినా పుస్తకంలో అవే వరుసలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే మార్చుకోవాల్సిందే. అప్పుడు పాతవాళ్లతో గొడవపడి మర్నాడే కొత్తవాళ్లని తెచ్చుకుంటే ఇబ్బంది. పాత ఏఎంసీ గడువు ఇంకో నెల ఉండగానే కొత్తవాళ్లతో సిస్టమ్‌ల జాబితా, ఐపీ అడ్రస్‌లు, లైసెన్సులు, పాస్‌వర్డ్‌లు రాయించుకుని, పాతవాళ్ల జాబితాతో పోల్చి చూడాలి. పాతవాళ్లకి ఇవ్వాల్సిన డబ్బు మొత్తం ఇచ్చేసి, ఆ రోజు సాయంత్రమే పాస్‌వర్డ్‌లు మార్చాలి. రూటర్, మెయిల్ అడ్మిన్, ఎనీడెస్క్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేది డీవీఆర్. నెలలు గడిచాక కూడా పాత టెక్నీషియన్ ఫోన్‌లోని యాప్‌లో షాపు క్యాష్ కౌంటర్ లైవ్‌లో కనిపిస్తూనే ఉంటుంది.